మిగులు గడిలో నేను రాసిన అంకెలు

1998 సెప్టెంబరు 14, సోమవారం, ఉదయం ఆరున్నర. వార్డులో తూర్పు గోడ వైపు రెండు మంచాలు. నాలుగో నంబరు మంచం మీద నేను. ఐదో నంబరు మంచం మీద సత్తిబాబు. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ, ఒళ్ళో బైబిలు, దాని మీద కళ్ళజోడు. సత్తిబాబు మంచం పక్కన చాప మీద అతని భార్య మంగ. రెండు మంచాల మధ్య ఆకుపచ్చ తెర ఒకటి. ఆరు రింగులు ఉండాల్సిన చోట నాలుగే ఉండటం వల్ల అది ఎప్పుడూ పూర్తిగా మూసుకునేది కాదు. కాంపౌండు గోడ వైపు ఒక కిటికీ. స్టీలు ట్రేలో, మరిగించి చల్లార్చిన నీళ్ళలో రెండు రబ్బరు పైపులు. వెయ్యి మిల్లీలీటర్ల కొలత జాడీ ఒకటి. క్లిప్పు అట్టలకు పెట్టిన చార్టులు రెండు. చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ డ్యూటీ సిస్టరు కరుణమ్మ గారు.

ఆ ఉదయం ఆవిడ మా ఇద్దరికీ ఒకేసారి మూత్రం పైపులు తీసేశారు. రెండు నెలలుగా ఒంట్లో ఉన్న పైపులు. ఒకదాని తర్వాత ఒకటి చెత్త బకెట్టులో పడేసి, "ఇంక మీ పని మీరే చేసుకోవాలి. ఎవరు ముందు పాసవుతారో చూద్దాం" అన్నారు.

ఆసుపత్రిలో అందరూ ఆ మాటే వాడేవారు. "పాసయిందా?" అని. చదువుకున్న రోజుల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఎంత శాతం వచ్చిందని మాత్రమే అడిగేవారు. అందుకే సిస్టరు గారు అలా అనగానే నాకు నవ్వు వచ్చింది. ముందు నేనే అవుతానని అనుకున్నాను. వయసు ఇరవై నాలుగు, డిప్లొమా మెకానికల్, కాలేజీలో రెండో ర్యాంకు. పక్క మంచం మనిషికి ముప్ఫై ఆరేళ్ళు, అయిదో తరగతి కూడా పూర్తి చేయలేదు.

పదిన్నరకు తెర అవతల శబ్దం వినిపించింది. ముందు రెండు చుక్కలు, తర్వాత ఆగి ఆగి, తర్వాత ధార. ప్లాస్టిక్ డబ్బాలో పడుతున్న ధార. మంగ "స్వామీ, నరసింహస్వామీ" అని ఏడ్చేసింది. కోరుకొండ కొండెక్కి తలనీలాలిస్తానని అక్కడికక్కడే మొక్కుకుంది. సిస్టరు గారు పరుగున వచ్చి జాడీలో కొలిచి, "రెండొందల అరవై!" అన్నారు. వార్డు చివరన ఉన్న పెద్దాయనెవరో చప్పట్లు కొట్టాడు.

మా అమ్మ కూడా చప్పట్లు కొట్టింది. నేను ఆవిడ వైపు చూడలేదు.

నాకు మధ్యాహ్నం వరకు ఒక్క చుక్క రాలేదు. కడుపు కింది భాగం బరువుగా, ఎక్కడో దూరంగా నొప్పిగా ఉంది. మళ్ళీ పైపు పెట్టి తీస్తే ఆరు వందల ఎనభై వచ్చింది.

*

నేను పడింది ఆ సంవత్సరం జులై 11న. గోదావరి గట్టున ఉన్న ఒక ఎత్తిపోతల పంపుహౌసులో షిఫ్టు ఇంజనీరుని. మూడో మోటారు పైనున్న క్రేను చూడటానికి నిచ్చెన ఎక్కాను. దిగేటప్పుడు కాలు జారింది. ఎత్తు పద్నాలుగు అడుగులు. నడుము దగ్గర వెన్నుపూస నలిగింది. ఆపరేషను, తర్వాత మూడు వారాలు కదలకుండా పడుకోవడం, తర్వాత రాజమండ్రి పొలిమేరలో ఉన్న ఈ ఆసుపత్రి. ఇక్కడ వెన్ను దెబ్బతిన్నవాళ్ళకే ప్రత్యేకంగా ఒక వార్డు ఉంది.

సత్తిబాబు అమలాపురం దగ్గర దింపు తీసే మనిషి. దింపు అంటే కొబ్బరిచెట్టు ఎక్కి కాయలు కోసి దించడం. వాన పడి తడిసిన చెట్టు మీంచి జులైలోనే జారిపోయాడు. అతనికి దెబ్బ నాకంటే బాగా పైన, వీపు మధ్యలో తగిలింది.

డాక్టరు గారు తక్కువ మాట్లాడే మనిషి. నాకు చెప్పాల్సింది మొదటివారమే చెప్పేశారు. "మీ అంతట మీరు పోసుకోగలిగినంత పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో పైపు పెట్టి కొలవాలి. ఆ మిగులు వందకు లోపు రావాలి. ఒక రోజు కాదు, వరుసగా మూడు వారాలు. అప్పుడు పైపు పక్కన పెట్టేద్దాం."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"చెప్పలేనండి. కొందరికి నెలల్లో వస్తుంది. కొందరికి రాదు."

"రాకపోతే?"

"పైపుతో బతకడం నేర్చుకుంటారు. చాలామంది నేర్చుకున్నారు."

రోజుకు ఆరుసార్లు, జీవితాంతం. సంవత్సరానికి రెండు వేల నూట తొంభై సార్లు. నాకు అరవై అయిదేళ్ళు వస్తాయనుకుంటే తొంభై వేలకు కొంచెం తక్కువ. ఆ లెక్క నేను ఆ సాయంత్రమే వేసి, చార్టు వెనక పెన్సిలుతో రాసి, అమ్మ చూడకముందే చెరిపేశాను.

*

సెప్టెంబరు నెలాఖరు.

నా కుళ్ళు గురించి దాచకుండా రాస్తాను. ఇలాంటి జబ్బు పడినవాళ్ళు భయం గురించి చెబుతారు, దేవుడి గురించి చెబుతారు, దీని గురించి మాత్రం ఎవరూ నాకు ముందు చెప్పలేదు.

కిటికీలోంచి కాంపౌండు గోడ కనిపించేది. దాని మీద ఎర్ర రంగుతో 'ఇచట మూత్ర విసర్జన చేయరాదు' అని రాసి ఉండేది. ఆ రాతకు ఎదురుగానే నిలబడి పోసేవారు. రిక్షావాళ్ళు, రోగులను చూడ్డానికి వచ్చినవాళ్ళు, మందుల కంపెనీ మనిషి ఒకాయన టై భుజం మీదకు వేసుకుని మరీ. ఒక ఉదయం తొమ్మిది నుంచి పది వరకు లెక్కపెట్టాను. పదకొండు మంది. ఒక్కొక్కరికి పట్టిన సమయం కూడా వాచీ పెట్టి చూశాను. ఇరవై సెకండ్ల నుంచి యాభై సెకండ్లు. ఒకడు పోస్తూ పోస్తూ బీడీ వెలిగించుకున్నాడు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.

అమ్మ బాత్రూముకు వెళ్ళి రెండు నిమిషాల్లో చీర సర్దుకుంటూ వచ్చేస్తే ఆవిడ మీద కూడా కోపం వచ్చేది. "అప్పుడే అయిపోయిందా?" అనేవాణ్ణి. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, నేను నిద్రపోతున్నాననుకున్నప్పుడే వెళ్ళడం మొదలుపెట్టింది. అది చూసి సిగ్గుపడ్డాను. అయినా మానలేదు.

కానీ అన్నిటికంటే పక్క మంచం. పైపు తీసిన రోజు నుంచి సత్తిబాబుకి సాఫీగా జరిగిపోతోంది. మూడు గంటలకోసారి లేచి కూర్చునేవాడు. కూర్చోబెట్టేది మంగ. బొడ్డు కింద మూడు వేళ్ళతో టకటకమని తట్టుకునేవాడు. పది తట్లు, పదిహేను తట్లు, ధార మొదలయ్యేది. మిగులు నలభై, ముప్ఫై, యాభై. ఆ అంకెలు నాకు ఎలా తెలుసంటే అతని చార్టు రాసేది నేనే.

"నాకు రాయడం వచ్చినా ఆ గళ్ళలో ఇమడదండీ ఇంజనీరు గారూ. ఒక గడిలో రాత్తే ఇంకో గడిలోకి పోద్ది. మీరు కొంచెం రాసి పెడుదురూ" అన్నాడు రెండో రోజునే. కాదనలేకపోయాను. తాగినవి, పోసినవి, మిగులు, టైము. నా చార్టు రాసి, తెర జరిపి, అతని చార్టు రాసేవాణ్ణి. నా మిగులు నాలుగు వందల పది. అతని మిగులు ముప్ఫై అయిదు. నా చేతిరాతతోనే.

అతను గర్వంగా ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది. అతనికి నా మీద జాలి.

"అలా బిగించకండే బాబూ. తట్టండి. నేను తట్టనా?"

"వద్దండీ."

"సిగ్గేంటండీ? కాయ కొయ్యబోయే ముందు తట్టి చూత్తాం కదా, అలాగే." మంచం అంచుకు జరిగి, తెరలోంచి చెయ్యి పెట్టి, దుప్పటి మీదుగానే నా పొత్తికడుపు మీద వేళ్ళ కణుపులతో రెండు దెబ్బలు వేశాడు. తల పక్కకు వంచి విన్నాడు. "నీళ్ళ కాయైతే మూగగా పలుకుద్దండి. ముదిరి నీళ్ళు తగ్గిందైతే గణగణమంటది. మీది మూగ. నాలుగొందలకు తక్కువుంటే నన్నడగండి."

పైపు పెట్టి తీశాను. నాలుగు వందల ఇరవై.

"చూశారా!" అన్నాడు. మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ విద్య మీద కూడా నాకు అసూయ కలిగింది. రీడింగులు తీయడం నా పని. కొలత జాడీని కంటికి సమానంగా పట్టుకుని, నీటి మట్టం వంపులో అడుగున ఉన్న గీత చదవాలని అమ్మకు, మంగకు, చివరికి సిస్టరు గారికి కూడా నేర్పినవాణ్ణి నేను. అతను జాడీ లేకుండా చెబుతున్నాడు.

నా కడుపు మీద అతను ఎంత తట్టినా ధార మాత్రం రాలేదు.

ఆ ఆదివారం మా చర్చిలో నా కోసం ప్రార్థన చేయించాలని అమ్మ అనుకుంది. బళ్ళో టీచరు, నలుగురిలో 'మూత్రం' అనే మాట పలకడం ఆవిడ వల్ల కాదు. పాస్టరు గారికి చీటీ రాసి పంపింది. 'మా ప్రభాకర్‌కు నీళ్ళ ఇబ్బంది తీరులాగున ప్రార్థించగలరు' అని. పాస్టరు గారు సంఘం అంతటితో కలిసి మా ఇంటి కుళాయి కోసం పది నిమిషాలు ప్రార్థించారట. బండలోంచి నీళ్ళు రప్పించిన దేవుణ్ణి మరీ మరీ అడిగారట. సోమవారం పొద్దున్నే సంఘ పెద్ద ఒకాయన వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"అమ్మా టీచరు గారూ, మునిసిపాలిటీలో మావాడికి చెప్పానండి. రేపట్నుంచి మీ వీధికి ట్యాంకరు వస్తది. ఈలోగా మా బోరు నీళ్ళు రెండు బిందెలు మీ గుమ్మంలో పెట్టించాను."

అమ్మ ముఖం చూడాల్సిందే. "వందనాలండీ" అంది చిన్న గొంతుతో. తెర అవతల సత్తిబాబు ముందు దగ్గాడు. ఆయన గుమ్మం దాటగానే ఇంక ఆపుకోలేక మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. "టీచరు గారూ, ఆ ట్యాంకరేదో నాలుగో నంబరు మంచానికి పంపమనండీ!"

అమ్మ నవ్వింది. ఆపరేషను తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వించింది అతను. అది కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

*

అక్టోబరు 5 నుంచి 9 వరకు.

ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

అప్పటికి పైపు నేనే పెట్టుకోవడం నేర్చుకున్నాను. నా చార్టు నేనే రాసుకునేవాణ్ణి. సిస్టరు గారు సంతకం మాత్రం పెట్టేవారు, అంకెలు చూసేవారు కాదు. "ఇంజనీరు గారి లెక్క, తప్పేముంటది" అనేవారు.

నాకు కూడా కొంచెం కొంచెం రావడం మొదలైంది. ముక్కి ముక్కి, ముందుకు వంగి, కడుపు రెండు చేతులతో నొక్కితే నలభై, యాభై. మిగులు మాత్రం మూడు వందల ఎనభైకి తగ్గడం లేదు. ఆ సోమవారం సత్తిబాబు మిగులు ఇరవై. డాక్టరు గారు రౌండ్లలో అతని భుజం తట్టి, "నీకింక పైపు అక్కర్లేదయ్యా. రెండు రోజులకోసారి మిగులు చూస్తే చాలు" అన్నారు. నా చార్టు చూసి ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం నా మిగులు 390 వచ్చింది. చార్టులో 190 రాశాను.

రెండు వందల లోపుంటే పైపు పెట్టే వ్యవధి నాలుగు గంటల నుంచి ఆరు గంటలకు పెంచడం వార్డు పద్ధతి. సాయంత్రం సిస్టరు గారు చూసి, "అబ్బో! మీరూ పాసవుతున్నారే!" అని అమ్మతో చెప్పారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వెనక్కి ఎలా వెళ్ళను? మంగళవారం 170 రాశాను. బుధవారం నుంచి రెండు పూటలు అసలు పైపు పెట్టకుండానే అంకె వేసేశాను.

పంపుహౌసులో దీనికి మేం పెట్టుకున్న పేరు కుర్చీ రీడింగు. గంటగంటకూ కిందికి దిగి నీటిమట్టం చూసి లాగుబుక్కులో రాయాలి. బద్ధకించిన ఆపరేటరు కుర్చీలోంచి లేవకుండా పాత అంకెకు ఇటు అటుగా కొత్త అంకె వేస్తాడు. అలా రాసినందుకు ఒక పెద్దవయసు ఆపరేటరును నేను అందరి ముందూ కేకలేశాను. అంకెలు బాగా తీర్చిదిద్దినట్టు ఉంటే అనుమానించాలని కొత్తవాళ్ళకు చెప్పేవాణ్ణి. ఆ వారం నా చార్టు చాలా తీర్చిదిద్దినట్టు ఉంది. 190, 170, 165, 150.

దానికి తోడు కొబ్బరి బొండాలు. గోదావరి జిల్లాల్లో మంచం పట్టిన మనిషిని చూడ్డానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. గురువారం సత్తిబాబుతో దింపుకు వెళ్ళేవాళ్ళు నలుగురు రెండు గెలలు మోసుకుని వచ్చారు. ఒంటికి చలవ, నీళ్ళు బాగా కదులుతాయని అందరూ అన్నారు. సత్తిబాబు రెండు గుక్కలు తాగి, "నాకు లెక్కుందండి" అని పక్కన పెట్టాడు. నేను నాలుగు తాగాను. బాగుపడుతున్నవాణ్ణి కదా.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం కాగానే వణుకు మొదలైంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అమ్మ దుప్పటి మీద దుప్పటి కప్పింది. జ్వరమేమో, ఫ్యానుగాలేమో అంటోంది. తెర జరిగింది. సత్తిబాబు చెయ్యి వచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. పొత్తికడుపు మీద ఒకసారి తట్టాడు. పైకి జరిపి బొడ్డు దగ్గర తట్టాడు. బొడ్డు పైన కూడా తట్టాడు.

"ఎంత రాశారండీ పొద్దున?"

"నూటయాభై."

"ఇది నూటయాభై కాదండి."

"మీకేం తెలుసు? మీ పని మీరు చూసుకోండి!" అని అరిచాను. వార్డంతా వినబడేలా.

అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, చెట్టు మీంచి కిందవాళ్ళను పిలిచే గొంతుతో, "సిస్టరు గారోయ్! బేగి రండి! ఈయన చార్టు అబద్ధమాడుతోంది!" అన్నాడు.

చార్టు అన్నాడు. నా పేరెత్తలేదు.

పైపు పెడితే జాడీ నిండిపోయింది. రెండోసారి పట్టాల్సి వచ్చింది. మొత్తం వెయ్యి నూట నలభై. చిక్కగా, వాసనతో. సిస్టరు గారు చార్టు తీసి అయిదు రోజుల అంకెలూ వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. ఏమీ తిట్టలేదు. పెన్ను తీసి అన్నిటి మీదా ఒకే గీత కొట్టారు.

అమ్మ, "అంటే ఏంటండీ సిస్టరు గారూ? బాగవ్వలేదా?" అని అడిగింది.

ఆవిడ నా వైపు చూశారు, నేను చెబుతానేమో అని. నేను గోడ వైపు తిరిగాను. చివరికి ఆవిడే చెప్పారు.

*

అక్టోబరు 10 నుంచి 26.

జ్వరం తొమ్మిది రోజులు. ఇంజక్షన్లు. రాత్రింబవళ్ళు ఒంట్లోనే ఉండే మునుపటి రకం పైపు మళ్ళీ పెట్టారు. సాగిపోయిన కండరం విశ్రాంతి తీసుకోవాలని, వచ్చిన ఆ నలభై యాభై కూడా మళ్ళీ వస్తాయో రావో ఇప్పుడు చెప్పలేనని డాక్టరు గారు అన్నారు. పైపు తీశాక నా ప్రతి రీడింగు పక్కనా ఇంకొకరి సంతకం ఉండాలని కూడా ఆర్డరు వేశారు. నేను చదివింది చెల్లదు. ఇంకొకరు జాడీ చూసి చెప్పాలి.

నేను సత్తిబాబుతో మాట్లాడటం మానేశాను. అతని చార్టు మాత్రం రాస్తూనే ఉన్నాను. అతను అంకె చెప్పేవాడు, నేను వేసేవాణ్ణి. అలా పది రోజులు.

పదకొండో రోజు మంగ ఊరుకోలేకపోయింది. నేను కడ్డీలు పట్టుకుని నడిచే గదిలోంచి తిరిగి వచ్చి మంచం మీద కూలబడ్డాను. రెండు కాళ్ళకూ బలం వస్తోంది. ఆ రోజు ఇరవై రెండు అడుగులు వేశాను. వేశానని ఎవరికీ చెప్పలేదు, నా దృష్టిలో అది లెక్కలోకి వచ్చే విషయం కాదు.

"బాబుగారూ, ఒక్క మాటండీ. మీరు నడిచి వత్తన్నారు. మంచం దిగలేని మా ఆయన కళ్ళ ముందు నుంచే నడిచి వెళ్తన్నారు. ఆయన మిమ్మల్ని పల్లెత్తు మాటన్నాడా? మీకు ఆయన ఒంటేలు మీద కన్ను!"

"ఊరుకోవే" అన్నాడు సత్తిబాబు.

"ఎందుకూరుకోవాలి? ఈయన చెవులు రిక్కించి ఇంటారు. నాకు కనపడదా?"

సత్తిబాబు తెర పక్కకు లాగాడు.

"దాని మాటలు పట్టించుకోకండి. ఒకటి చెప్తాను. నేనెందుకు తట్టి చూసుకుంటానో తెలుసాండీ? నాకు తెలీదు. నిండిందో లేదో తెలీదు. వచ్చేటప్పుడు తెలీదు. అయిపోయాక తెలీదు. డబ్బాలో చప్పుడు ఇంటే తెలుత్తది. బొడ్డు కాడ నుంచి కిందికి మనిషినే లేనండి. మీకు బరువుగా ఉందంటారు, నొప్పంటారు. ఆ నొప్పి ఎలా ఉంటదో అని రోజూ మిమ్మల్నే చూత్తంటాను."

అయిదు వారాలు అతని చార్టు రాశాను. తాగినవి, పోసినవి, మిగులు, టైము. అందులో తెలిసిందా తెలియలేదా అనే గడి లేదు. నేను అడగలేదు.

తర్వాత డాక్టరు గారు వివరంగా చెప్పారు. నాకు నా భాషలో ఇలా అర్థమైంది. సత్తిబాబుకు కంట్రోలు రూము నుంచి, అంటే మెదడు నుంచి, వచ్చే కేబులు పైనే తెగిపోయింది. కింద పంపు దగ్గర ఆటో స్విచ్చి మాత్రం చెక్కుచెదరలేదు. నీరు నిండి, తట్టు తగిలితే దానంతటదే ఆన్ అవుతుంది. ఎవరి మాటా వినదు, ఎవరికీ చెప్పదు. నాకు దెబ్బ సరిగ్గా ఆ స్విచ్చి దగ్గరే తగిలింది. కేబులులో కొన్ని తీగలు మిగిలాయి. అందుకే నాకు బరువు తెలుస్తోంది, తట్టితే పని చేయడం లేదు. అతని పద్ధతి నాకు ఎప్పటికీ పనికిరాదు. నా పద్ధతి అతనికి రాదు.

ఇది తెలిశాక అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. మరుసటి రోజు తెల్లవారగానే తెర అవతల ధార మొదలైతే నా దవడ ఎప్పటిలాగే బిగుసుకుంది. కాకపోతే అది అయిపోయేదాకా ఆగి, "సత్తిబాబు గారూ, అయిపోయిందండి" అని చెప్పాను. అతనికి తెలియదు కదా.

"ఆయ్, థాంక్సండి" అన్నాడు.

మేం మళ్ళీ మాట్లాడుకున్నది అలా.

*

నవంబరు రెండో వారంలో అతన్ని ఇంటికి పంపేశారు. చక్రాల కుర్చీ ఎక్కించి వ్యానులో పెడుతుంటే, మంగ నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు నోరు జారానండి" అంది. జారలేదని చెప్పాను. సత్తిబాబు వ్యానులోంచి, "మీ కాయ ఎప్పటికైనా పలుకుద్దండీ. కంగారు పడి కోసెయ్యకండి!" అని అరిచాడు. ఐదో నంబరు మంచానికి ఒక ముసలాయన వచ్చాడు. ఆయనకు ఏమీ వచ్చేది కాదు. నాకు నిద్ర బాగా పట్టింది. అదీ నిజమే.

డిసెంబరు 5న నేనూ ఇంటికి వచ్చాను. కర్రతో నడుస్తూ, సంచిలో రెండు పైపులు, ఒక జాడీ, గళ్ళు కొట్టిన నోటుపుస్తకంతో.

జనవరి అంతా మిగులు మూడు వందలకు అటూ ఇటూగా ఉంది. నేను బిగించడం మానేశాను. బరువు ఎప్పుడు మొదలవుతుందో గమనించి, అప్పుడే వెళ్ళి, నిశ్శబ్దంగా కూర్చుని, ఆగిపోయాక లేచి ఒక నిమిషం నిలబడి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఒక్కో విడతకు ఇరవై అయిదు నిమిషాలు. ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం కూర్చోగానే, నేను ఏమీ చేయకుండానే, సన్నని ధార తనంతట తాను వచ్చింది. నాకు తెలిసింది. వెచ్చగా, కొంచెం మంటగా, కదులుతున్నట్టు తెలిసింది. పదకొండు సెకండ్లు. బయటికి వచ్చి అమ్మకు చెబుదామనుకుని, చెప్పకుండా వాకిట్లో కాసేపు నిలబడ్డాను.

మార్చిలో సత్తిబాబు ఉత్తరం రాయించాడు. కొబ్బరికాయల కొట్టులో కూర్చుని చేసే పని దొరికిందట. కాయ తట్టి, నీళ్ళ కాయ ఒక వైపు, ముదురు కాయ ఒక వైపు వేరు చేయడం. 'ఇంజనీరు గారికి ఎంత మిగులుతుందో రాయవలెను' అని చివర ఉంది. అప్పటి అంకె 140. రాయడానికి మనసొప్పలేదు. అతనిది ఎంతో అడగాలనిపించింది, అడగలేదు. రెండు వారాల తర్వాత జవాబు రాశాను, అసలు అంకెతోనే.

ఇప్పుడు ఇది రాస్తున్నది అయిదేళ్ళ తర్వాత. అలాంటి మంచం మీద ఇంకొకరి చప్పుడు వింటూ పడుకున్నవాళ్ళు చదువుతారేమోనని రాస్తున్నాను. కుళ్ళుకోవద్దని చెప్పను, చెప్పినా ఆగదు. అంకె మాత్రం ఉన్నదే వేయండి. నేను నాలుగు నెలలు కోల్పోయానో, అయిదు నెలలు కోల్పోయానో డాక్టరు గారు కూడా చెప్పలేకపోయారు. నా పుస్తకంలో లెక్క తేలని అంకె అదొక్కటే.

ఆ 1999 మార్చి 25న మిగులు మొదటిసారి వందకు లోపు వచ్చింది. 95. ఆ రోజు నుంచి మూడు వారాల లెక్క మొదలైంది. ఆర్డరు ప్రకారం రీడింగు చెప్పేది అమ్మ. సంతకం అమ్మది. ఆవిడ బళ్ళో కాపీలు దిద్దినంత శ్రద్ధగా చూసేది. ఎనిమిదో రోజు 98 వచ్చింది. "తొంభై అయిదు అందామా, కొంచెం అటుగానే ఉంది" అని నేనే అన్నాను. ఆవిడ కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "తొంభై ఎనిమిది రాయి" అంది. పదమూడో రోజు 100 మీద గీత తాకుతున్నట్టు ఉంది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. గీత కిందే ఉంది. 99 రాశాం. ఆ రోజు మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఏప్రిల్ 14, బుధవారం, ఉదయం ఏడుంబావు. ఇరవై ఒకటో రోజు. పోసుకున్నాను, పైపు పెట్టాను, మిగిలింది జాడీలో పట్టి బాత్రూము గుమ్మంలోంచి అమ్మకు అందించాను. నేను చూడలేదు. ఆవిడ జాడీని కిటికీ గట్టు మీద పెట్టి, నీళ్ళు కదలడం ఆగేదాకా ఆగి, వంగి చూసింది.

"ఎనభై" అంది. తర్వాత మళ్ళీ వంగి, కొంగుతో జాడీ అద్దినట్టు తుడిచి, "కాదురా ప్రభా, ఎనభై అయిదు" అంది.

ఎనభై అయిదు రాశాను. ఆవిడ సంతకం పెట్టింది.

మిగులు: 85 మిల్లీలీటర్లు.